మూడు వరసల కుట్టు

రండమ్మా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే మాట కాదు. గోడకు ఆనుకున్నవాళ్ళు ముందుకు రండి. చంకలో పసిపిల్లలు ఉన్నవాళ్ళు ఇంకా ముందుకు రండి, ఇది మీకోసమే.

పోయిన వారం బర్ దుబాయ్‌లో మా మౌలా పరుపుల కొట్టు దగ్గర ఆగిపోయాం, గుర్తుందా? ఎనభై ఒకటో సంవత్సరం, జూన్ నెల. జుమైరా వైపు ఒక అరబ్బు ఇంటికి పంపిన పరుపును, కొట్టు సరుకు చేరవేసే ఇమామ్ హుస్సేన్ పికప్పులో వెనక్కి తెచ్చాడు. ఆ ఇంటి ముసలమ్మ కూర్చోగానే గట్టిగా ఏదో తగిలిందట. మౌలా అంచు కుట్టు కోసి దూదిలో చెయ్యి పెట్టాడు. బయటికి వచ్చింది మా వంటింటి కత్తి. ఉల్లిపాయలు తరిగే కత్తి. పిడికి నేను చుట్టిన పచ్చదారం అట్లాగే ఉంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. నా పేరు హలీమాబీ. మాది ప్రొద్దుటూరు దగ్గర, దూదేకులవాళ్ళం. దూది ఏకడం, పరుపులు కుట్టడం తాతల నాటి నుంచి మా పని. మౌలా సాహెబ్ నా కొడుకు. దుబాయ్‌లో నాలుగేళ్ళు ఇటుకలు మోసి, తర్వాత ఒక అరబ్బును కఫీల్‌గా పెట్టుకుని కొట్టు తెరిచాడు. ఆ కఫీల్ పూచీ ఉంటేనే మేము అక్కడ ఉంటాం, లేకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. కోడలు ఖుర్షీదా. ఆరేళ్ళ మనవరాలు మాబున్ని. రెండు నెలల మనవడు పీరా. కోడలికి పురుడు పోయడానికే నేను విమానం ఎక్కి వెళ్ళాను.

పురుడు పోయడమంటే మా అత్త నాకు ఎట్లా చేసిందో అట్లాగే చేశాను. బాలింతకు చల్లగాలి తగలకూడదని కిటికీలు మూసి గుడ్డలు కట్టాను. చెవుల్లో దూది పెట్టాను. ఏసీ ఆపి, దాని స్విచ్చు మీద కాగితం అతికించాను. గదిలోకి ఎవరినీ రానివ్వలేదు. ఆ ఎండల్లో, ఆ పెట్టెలాంటి గదిలో, బయటి మాట చెవిన పడకుండా రెండు నెలలు. కోడలు గోడకు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నం ముట్టదు, కన్ను మూయదు, పిల్లవాడికి పాలిచ్చి వెంటనే నా చేతికి ఇచ్చేస్తుంది. గాలి సోకిందన్నాను నేను. ఊరికి పంపిస్తే గాలి విడిపించే మనిషి దగ్గర నలభై రోజులు ఉంచుతారని కొడుకుకు చెప్పింది కూడా నేనే. వాడు శుక్రవారం బొంబాయి విమానానికి టికెట్ కొన్నాడు, తల్లికీ ఒడిలో పిల్లవాడికీ కలిపి.

ఇంతవరకూ జరిగింది ఇది. ఇక మంగళవారం మధ్యాహ్నం.

కొట్లు మూసే వేళకు మౌలా వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు. గుడ్డలో చుట్టిన కత్తిని మంచం మీద పెట్టాడు.

"ఇది మన ఇంట్లోదేనా?"

ఖుర్షీదా తల తిప్పలేదు. "మనదే."

"పరుపులోకి ఎట్ల పోయింది?"

"నేనే కుట్టినా."

"ఎవురి మీదమ్మే నీకు పగ? ఆ ముసలామె మీదనా, నా మీదనా? ఆమె మంచిది గాబట్టి ఎనక్కి పంపి ఊరకుండింది. పోలీసులకు చెప్పింటే? కఫీల్ చెవిన పడితే కొట్టు ఖలాస్! నాలుగేండ్లు ఎండలో ఎండింది ఇందుకేనా?"

"అది కొట్టు పరుపు గాదు. మాబున్నిది. మూల నిలబెట్టింటే ఇమామ్ హుస్సేనన్న కొట్టుదే అనుకొని ఎత్తకపోయినాడు."

"అంటే నీ కూతురు పండుకునే పరుపులో కుట్టినావా?"

మౌలా ముఖం తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. తగ్గినప్పుడే వాడి గొంతు నాకు భయం.

"శుక్రవారం పొద్దున్నే ఇమానం. గుడ్డలు సర్దుకో."

"పోతాను," అంది ఖుర్షీదా. "పిల్లోన్ని మాత్రం నాతో పంపొద్దు."

నా ఒళ్ళో పీరా వేలు చీకుతున్నాడు. నాకు కడుపు మండింది. "ఏం తల్లివే నువ్వు! పాలు తాగే బిడ్డను ఇడిసిపెట్టి పోతావా?" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక మళ్ళీ లోపలికి పోదు కదా. మౌలా తలుపు దబాల్న వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు మంచం కింది నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"జేజీ, కత్తెర నీ పరుపులో ఉంది."

మాబున్ని మంచం కిందే ఉంది. ఎప్పటి నుంచి ఉందో. ఆ పిల్ల బొమ్మలతో ఆడటం ఎప్పుడు మానేసిందో, మెట్ల మీద ఆడే పిల్లల దగ్గరికి పోవడం ఎప్పుడు మానేసిందో మేమెవరం పట్టించుకోలేదు.

"ఏందే నువ్వనేది?"

"పెద్ద కత్తెర. నీ పరుపులో. నడుము కాడ."

ఇక్కడ మీరు నవ్వినా నేనేమీ అనుకోను. పది రోజులుగా నాకు నడుం పట్టేసింది. దుబాయ్ నీళ్ళు పడలేదన్నాను, కోడలు సరిగ్గా వండలేదన్నాను, ఒక సీసాడు నూనె రుద్దించుకున్నాను. నేను పడుకుంటున్నది కత్తెర మీద!

ఆ మాటలు విని వంటింట్లోంచి సుబ్బాయమ్మ వచ్చింది. ఆ ఇంట్లో రెండో గది ఆమెది. కోనసీమ మనిషి, దేరాలో ఒక ఆస్పత్రిలో ఆయా. వంటిల్లు ఇద్దరికీ ఒకటే.

"అయితే మా కత్తిపీట కూడా నువ్వేనా తల్లీ? వారం రోజుల్నించీ బెండకాయలు చేత్తో తుంపుకుని పులుసెట్టుకుంటున్నాను కదే!"

ఖుర్షీదా మొదటిసారి ఇటు తిరిగింది. "అది పరుపులో పట్టలేదక్కా. రాత్రి మీరంతా పండుకున్నాక మిద్దె మీద నీళ్ళ తొట్టి ఎనకాల పెట్టినా."

"పోన్లే, తుప్పట్టకముందే చెప్పావు," అని సుబ్బాయమ్మ మంచం పక్కన కింద కూర్చుంది. తిట్టలేదు, అడగలేదు. కూర్చుందంతే.

నేను నా పరుపు తిరగేశాను. చీకట్లో కూడా వేళ్ళతో తడిమి ఈ పరుపు ఎవరు కుట్టారో చెప్పగలిగినదాన్ని నేను. అంచుకు ఒక వరస కుట్టు వేస్తాం, గట్టి బేరమైతే రెండు. ఇక్కడ నడుము దగ్గర జానెడు మేర మూడు వరసలు ఉన్నాయి. దబ్బనంతో దారం రెట్టించి, ప్రతి కుట్టుకూ ముడి వేసి మరీ కుట్టింది. ఒక కొస విప్పేసరికే నా గోరు విరిగింది, మిగతాది అట్లాగే వదిలి సందులోంచి చెయ్యి పెట్టాను. లోపల కత్తెర ఉంది. దాని మొనలకు పాత చీర గుడ్డ చుట్టి ఉంది. దాని మీద దూది, దూది మీద మళ్ళీ గుడ్డ, చంటిపిల్లను పొత్తిళ్ళలో చుట్టినట్టు.

ఎవరినో పొడవాలనుకున్న మనిషి మొనకు దూది చుడుతుందా? ఇంత గట్టిగా కుడుతుందా?

"ఖుర్షీదా," అన్నాను, "మూడు వరసలు ఎందుకేసినావమ్మా?"

సుబ్బాయమ్మ ఆమె పాదం మీద చెయ్యి వేసి ఉంచింది. అప్పుడు ఖుర్షీదా చెప్పింది. ఆ మాటలు నేను మార్చకుండా మీకు అప్పజెప్తున్నాను.

"పిల్లోన్ని చూస్తానే కత్తి కనపడతాది అత్తా. కత్తిని చూస్తానే పిల్లోడు కనపడతాడు. నేను ఏమన్నా చేస్తానేమో అని గుండె దడ. చెయ్యాలని లేదు, అల్లా సాక్షి, చెయ్యాలని లేదు. నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది. ఇంట్లో మొనుండేది ఏదీ నాకు అందకూడదనుకున్నా. మూడు వరసలు ఇప్పాలంటే గంట పడతాది. ఆ గంటలో నాకు బుద్ధి వస్తాదిలే అనుకున్నా. అందుకే పిల్లోన్ని నాతో పంపొద్దంటి. ఇమానంలో ఎవురుంటారు నన్ను పట్టుకునేకి?"

చూశారా అమ్మా. రెండు నెలలుగా ఆ పిల్ల తన బిడ్డను తన నుంచే కాపాడుతూ ఒంటరిగా కాపలా కాసింది. పక్కనే కూర్చుని నేను ఆమెకు గాలి అని పేరు పెట్టాను.

"పిన్నిగారండీ," అంది సుబ్బాయమ్మ నా వైపు తిరిగి, "ఇది గాలీ కాదు, ధూళీ కాదండి. మా ఆస్పత్రిలో కాన్పులు చూసే డాక్టరమ్మ దగ్గరికి ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారండి. ఒకావిడైతే పిల్లాడికి నీళ్ళు పోయడానికి భయపడిపోయేది, తనే ముంచేస్తానేమోనని. మొన్న ఆ పిల్లాడు ఆస్పత్రి వరండా అంతా పరిగెత్తి నన్ను రొప్పించాడండి. రేప్పొద్దున్నే తీసుకెళ్దాం."

నేను లేచి కిటికీలకు కట్టిన గుడ్డలు లాగేశాను. స్విచ్చు మీది కాగితం చింపాను. ఏసీ ముందు గుర్రుమని, దగ్గి, తర్వాత చల్లగా ఊపిరి వదిలింది. కోడలి చెవుల్లో దూది నా చేత్తోనే తీశాను.

"పండుకో. పిల్లోడు నా కాడ ఉంటాడు, సుబ్బాయమ్మ నీ కాడ ఉంటాది. ఎవురూ యాడికీ పోము."

పడుకుంది. మాబున్ని మాత్రం మంచం కింది నుంచి కదల్లేదు.

"బయటికి పోయి ఆడుకోపో నాయనా," అన్నాను.

"నేను పోతే అమ్మను ఎవురు చూస్తారు జేజీ?"

ఆరేళ్ళ పిల్ల. అమ్మకు ఏమో అయిందని దానికి తెలుసు. ఎవరికి చెప్పాలో తెలియదు. అందుకని అదీ కాపలా కాసింది, మంచం కింద. ఒక ఇంట్లో తల్లికి మనసు బాగాలేకపోతే ఎంతమంది నిద్ర మానేస్తారో నాకు ఆ రోజు తెలిసింది.

"నేను చూస్తాలే. నీకు బదులు ఈ పొద్దు నేను," అన్నాను. అది నన్ను పైనుంచి కింద దాకా చూసింది, ఈ ముసలిది పనికొస్తుందా అన్నట్టు. తర్వాత మెట్ల వైపు నడిచింది. కాసేపటికి కింది నుంచి పిల్లల కేకలు వినిపించాయి. అందులో మా మాబున్ని గొంతు వేరుగా వినిపించింది.

కోడలు సాయంత్రం నమాజు పిలుపు దాకా కదలకుండా నిద్రపోయింది.

బుధవారం పొద్దున అబ్రా పడవ ఎక్కి, ఊరి మధ్య క్రీక్ అనే సముద్రపు పాయ దాటి దేరా చేరాం. ఖుర్షీదా మధ్యలో కూర్చుంది, అటు సుబ్బాయమ్మ, ఇటు నేను, నా ఒళ్ళో పీరా. డాక్టరమ్మ మలయాళీ ఆమె. ఆమె హిందీ, మా ఉర్దూ, మధ్యలో సుబ్బాయమ్మ చేతి సైగలు. అయినా అన్నీ అర్థమయ్యాయి. నన్ను బయటికి పంపి కోడలితో చాలాసేపు మాట్లాడింది. తర్వాత కోడలిని అడిగే నన్ను లోపలికి పిలిచింది.

"ఆ తలపు వచ్చినప్పుడు నీకు ఎట్లా ఉంటుందమ్మా?" అని నా ముందర మళ్ళీ అడిగింది.

"నోరు ఎండిపోతాది. నేను సచ్చిపోతే పిల్లోడు బతుకుతాడు గదా అని ఒకపారి అనుకున్నా."

డాక్టరమ్మ ముఖం మార్చలేదు. కలం కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ మాట నాకు చెప్పావు, మంచి పని చేశావు. అట్లా మళ్ళీ అనిపిస్తే ఆ నిమిషమే పక్కన ఉన్నవాళ్ళకు చెప్పు. ఇది జబ్బు. దీనికి మందు ఉంది. నువ్వు చెడ్డ తల్లివి కావు. చెడ్డ తల్లి కత్తి దాచదు."

ఖుర్షీదా అప్పుడు ఏడ్చింది. బిడ్డ పుట్టిన తర్వాత ఆమె గొంతెత్తి ఏడవడం నేను చూడటం అదే మొదలు.

నేను ఆగలేక కిటికీల సంగతి, ఏసీ సంగతి, చెవుల్లో దూది సంగతి అంతా చెప్పేశాను. తప్పు నాదే అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. "మీ ఊరి చలికాలానికి పెట్టుకున్న పద్ధతి ఈ ఎండకు పనికిరాదు. కానీ అదొక్కటే కారణం కాదు. నిద్ర లేదు, పలకరింపు లేదు, భయం చెప్పుకునే మనిషి లేదు. మాత్రలు నేను ఇస్తాను. మిగతా మూడూ మీ ఇంట్లోనే దొరకాలి," అంది. ఇంకో మాట కూడా అంది. "రేపు ఆయన్ను తీసుకురండి. తండ్రిని చూడకుండా నేను ఈ ఇంటికి మందు రాయలేను."

తండ్రిని తీసుకురావడం! అది పడవ ఎక్కినంత సులువా?

సాయంత్రం కొట్టుకు వెళ్ళాను. మౌలా దూది కుప్ప మధ్య కూర్చుని ఉన్నాడు. జుట్టు నిండా నూగు, కనుబొమ్మల మీద నూగు. ముసలివాడిలా కనిపించాడు. డాక్టరమ్మ రేపు వాడిని కూడా రమ్మందని చెప్పాను.

"పిచ్చిదని కాగితం రాసిస్తే వీసా ఏమైతాదో ఎరుకనా నీకు? మన జమాత్‌లో తెలిస్తే రేపు మాబున్నికి పెండ్లి అవుతాదా?"

"ఆరేండ్ల పిల్లకు పెండ్లెందుకురా ఇప్పుడు?"

"నవ్వులాటగా ఉందా అమ్మా నీకు?"

నేను వాదించలేదు. వాదనలో వాడు నన్ను ఎప్పుడూ ఓడిస్తాడు, వాళ్ళ నాయన పోలిక. కొంగులోంచి పరుపు గుడ్డ ముక్క తీసి వాడి చేతిలో పెట్టాను. మూడు వరసల కుట్టు ఉన్న చోటును కోసి తెచ్చాను. కత్తెర మొనలకు చుట్టిన దూదిని కూడా పక్కన పెట్టాను.

"నువ్వు పనోడివి. మాటలతో నాకు చేతగాదు. కుట్టు చూసి చెప్పు, ఇది పగతో కుట్టిన కుట్టేనా?"

మౌలా బొటనవేలితో తడిమాడు. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. ముడి ముడికీ ఆగాడు. ఒక చోట దారం మీద చిన్న గోధుమరంగు చుక్క ఉంది. దబ్బనం గుచ్చుకుని ఆమె వేలి నుంచి వచ్చిన నెత్తురు. అక్కడ చాలాసేపు ఆగాడు. ఆమె చెప్పిన మాటలన్నీ నేను చెప్తుంటే తల ఎత్తలేదు. చివరికి ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు. వస్తానని అనలేదు, రానని అనలేదు.

గురువారం పొద్దున మేము ముందుగా ఆస్పత్రికి వెళ్ళి కూర్చున్నాం. మా వంతు వచ్చింది, వెనకవాళ్ళకు ఇచ్చాం. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చాం. ఖుర్షీదా తలుపు వైపు చూడటం మానేసింది. "ఆయన రాడులే అత్తా. రేపు నన్ను ఇమానం ఎక్కించండి," అంది. సుబ్బాయమ్మ చీపురు పట్టుకుని గేటు దాకా వెళ్ళి వస్తోంది. అప్పటికే ఊడ్చిన వరండాను నాలుగుసార్లు ఊడ్చింది పాపం.

ఐదోసారి వెళ్ళినప్పుడు గేటు నుంచే అరిచింది. "వచ్చేశాడండీ! తల నిండా దూదేసుకుని వచ్చేశాడు!"

మౌలా నేరుగా కొట్టు నుంచి వచ్చాడు. మా పక్కన కాకుండా ఖుర్షీదా పక్కన కూర్చున్నాడు. ఆమె వేలు తీసుకుని, దబ్బనం గుచ్చుకున్న చోటు చూశాడు.

లోపలికి వెళ్ళాం. భార్య సంగతి డాక్టరమ్మ అడుగుతుందని వాడు జవాబులన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు, నాకు తెలుసు, నా కొడుకు కదా. ఆమె అది అడగలేదు.

"మీరు ఎట్లా నిద్రపోతున్నారు?" అని అడిగింది.

"నేనా?"

"మీరే. మౌలా సాహెబ్ గారు ఎట్లా నిద్రపోతున్నారు?"

వాడు నవ్వబోయాడు. నవ్వు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. దుబాయ్‌లో దిగిన రోజు నుంచి వాడిని ఎంత సంపాదించావని అడిగినవాళ్ళే గాని, ఎట్లా నిద్రపోతున్నావని అడిగినవాళ్ళు లేరు. కన్నతల్లిని, నేనూ అడగలేదు.

జేబులోంచి టికెట్ తీశాడు. బల్ల మీద పెట్టి, మధ్యకు మడిచి, నిదానంగా రెండుగా చింపాడు. ఖుర్షీదా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆమె యాడికీ పోదు," అన్నాడు. తర్వాత జేబులోంచి ఆ మూడు వరసల గుడ్డ ముక్క తీసి టికెట్ పక్కన పెట్టాడు. "డాక్టరమ్మా, ఇంట్లో దాచిపెట్టింది ఆమె ఒక్కతే గాదు. నేనూ ఒకటి దాచినా. కొట్లో. ఆరు నెలలైంది."

నేను లేవబోయాను, వాళ్ళిద్దరినీ వదిలి బయటికి పోదామని.

"నువ్వు కూర్చో అమ్మా," అన్నాడు మౌలా. "ఇది నువ్వు కూడా వినాల."

కూర్చున్నాను. ఖుర్షీదా చెయ్యి వాడి చేతి మీదికి వెళ్ళింది, మొన్న తన పాదం మీద సుబ్బాయమ్మ చెయ్యి వేసినట్టే. వాడు నోరు తెరిచాడు.

ఆ మాట వాడి నోట్లోనే ఉండనివ్వండి ఇవ్వాళ్టికి, వచ్చే వారం చెప్తాను. మీరు మాత్రం ఇంతవరకూ విన్నదాన్ని మరిచిపోకండి. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఒక బాలింత గోడకు తిరిగి కూర్చుంటే, ఏమైందని గద్దించకుండా వెళ్ళి పక్కన కూర్చోండి. ఆమె మొగుణ్ణి కూడా ఎట్లా నిద్రపోతున్నావని అడగండి. అడిగి, ఈ మూడు వరసల కుట్టు సంగతి చెప్పండి. పేర్లు మార్చి చెప్పనక్కర్లేదు. ఖుర్షీదా ఏమీ అనుకోదు. నలుగురికీ నా పేరుతోనే చెప్పు అత్తా అని నాతో అన్నది ఆమే.